వెనకగదిలో పన్నెండేళ్ళు

గ్రిమ్స్‌బీలో చేపలరేవు వెనక వీధుల్లో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క ఇటుక గోడే అడ్డం. అలాంటి వీధిలో గేనర్ స్టాథర్ పన్నెండేళ్ళపాటు ఎవరి కంటా పడకుండా బతికింది. ఆమె దొంగ కాదు, ఎక్కడినుంచో పారిపోయి వచ్చిన మనిషీ కాదు. తను పుట్టి పెరిగిన ఇంట్లోనే, తల్లి దగ్గరే, వెనకవైపు చిన్నగదిలో ఉండేది.

మొగుడు కీత్‌తో తెగతెంపులై, అద్దె ఇల్లు ఖాళీ చేసి, రెండు సంచులతో గుమ్మంలో నిలబడిననాటికి ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. "రెండు వారాలేనమ్మా" అంది. తల్లి విన్నీ బంగాళాదుంపలు చెక్కుతూ తల ఎత్తకుండానే, "రెండు వారాలకైతే కౌన్సిల్‌కి చెప్పక్కర్లేదులే" అంది.

ఇంట్లో ఒక్క మనిషే ఉంటే, ఊరి పాలన చూసే ఆ కౌన్సిల్ ఇంటిపన్నులో నాలుగో వంతు తగ్గిస్తుంది. విన్నీ మొగుడు చేపల పడవ మీద పనిచేస్తూ పోయాడు. అప్పటినుంచి ఆమెకు ఆ తగ్గింపు ఉంది. "మీ నాన్న పోయినందుకు వీళ్ళు నాకిచ్చింది ఇదొక్కటే. ఇదీ లాక్కోనిస్తానా?" అనేది. చేపలు కోసి కోసి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. డబ్బుకంటే ఆ మాట నెగ్గడమే ఆమెకు ముఖ్యం.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. రెండు నెలలు రెండేళ్ళయ్యాయి. చెప్పడం ఆలస్యమైనకొద్దీ చెప్పడానికి భయం పెరిగింది. గేనర్ ఉత్తరాలన్నీ పక్క ఊరు క్లీథార్ప్స్‌లో ఉన్న స్నేహితురాలు ఇవోన్ ఇంటికి వచ్చేవి. డాక్టరు దగ్గరా, ఓటర్ల జాబితాలోనూ అదే చిరునామా. కోటు ముందు గుమ్మం దగ్గరి కొక్కేనికి తగిలించకూడదు. ఆ వీధిలో తెలిసినవాళ్ళందరూ వెనక సందులోంచే వస్తారు. ముందు తలుపు తట్టేది పాదిరీ, కౌన్సిల్ వాళ్ళూ, చివరికి శవపేటిక మోసేవాళ్ళూ. అందుకని ముందు తలుపు చప్పుడైతే చాలు, గేనర్ చేతిలో పని అక్కడే వదిలేసి మెట్లెక్కి తన గదిలో మంచం అంచున కూర్చునేది. కింద తల్లి గొంతు వినిపించేది. "ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉంటాను." తరవాత తలుపు మూసి, మెట్ల దగ్గరకొచ్చి, "వెళ్ళాడు, కిందికి రా" అని కేకేసేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మొదట్లో.

గేనర్‌కి యాభై ఎనిమిదేళ్ళప్పుడు విన్నీ పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయింది. మర్నాడు కూడా అంతే. గేనర్ చేపల ఫ్యాక్టరీలో పని మానేసింది. ఇంట్లో ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళకు ప్రభుత్వం వారానికింత ఇస్తుంది. దాని కోసం దరఖాస్తు పెడితే చిరునామా రాయాలి. గేనర్ పెట్టలేదు. మూడేళ్ళు తల్లిని లేపింది, స్నానం చేయించింది, మాత్రలు మింగించింది, రేవు చివరిదాకా నడిపించి తీసుకొచ్చింది. చివరికి విన్నీ వంటగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి పంపడం కుదరదన్నారు. అలా ఎనభై ఎనిమిదో ఏట విన్నీ లారెల్ హౌస్ అనే వృద్ధుల కేర్ హోమ్‌లో చేరింది.

కేర్ హోమ్ ఫీజు ఎవరు కట్టాలో తేల్చేది కౌన్సిల్. చేరినవాళ్ళకు ఏమేం ఉన్నాయో చూసి, ఎంత వాళ్ళు పెట్టుకోవాలో, ఎంత కౌన్సిల్ పెట్టాలో నిర్ణయిస్తుంది. దాని కోసం తాహిరా అనే అమ్మాయి వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో. తలకు బూడిదరంగు గుడ్డ కట్టుకుంది, నోరు తెరిస్తే మాత్రం అచ్చంగా రేవు పిల్లే. హాల్లో కిటికీ పక్కన విన్నీ ఎదురుగా కూర్చుని ఒళ్ళో ఫైలు తెరిచింది. గేనర్ పక్కనే కూర్చుని, తల్లి టీకప్పు జారిపోకుండా పట్టుకుంది.

"విన్నీ గారూ, ఇక్కడికి రాకముందు ఎక్కడుండేవారు?"

"మా ఇంట్లో. ఇంకెక్కడుంటాను, నువ్వు మరీనూ."

"మీతో ఇంకెవరైనా ఉండేవారా?"

పొద్దున ఏం తిన్నదో చెప్పలేని విన్నీ, సొంత చెల్లెలి పేరు మరిచిపోయిన విన్నీ, ఒక్కసారిగా వెన్ను నిటారు చేసింది. కళ్ళలోకి పాత చురుకు వచ్చింది.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉంటాను. మా ఆయన పోయినప్పట్నుంచీ నేనొక్కదాన్నే."

తాహిరా రాసుకుంది. తల తిప్పి గేనర్‌ని అడిగింది. "మీరు వాళ్ళమ్మాయి కదండీ. మీరెక్కడ ఉంటారు?"

"క్లీథార్ప్స్‌లో" అంది గేనర్. "ఇక్కడికి వస్తూ పోతూ ఉంటాను."

ఆ మాట ఆమె అనుకుని అన్నది కాదు. పన్నెండేళ్ళుగా ఎవరడిగినా నోరు ఆ మాటే చెప్పింది, ఈరోజూ చెప్పింది. కప్పులో టీ చల్లారిపోతున్నట్టు చేతికి తెలుస్తోంది.

"అలాగైతే ఇల్లు ఖాళీగా ఉన్నట్టే" అంది తాహిరా. "మొదటి పన్నెండు వారాలు ఇంటి సంగతి మేం పట్టించుకోం. ఆ తరవాత దాన్ని అమ్మగారి ఆస్తి కింద లెక్కేస్తాం. అంటే ఫీజంతా అమ్మగారిదే అవుతుంది. వెంటనే అమ్మేయక్కర్లేదు. ఇంటిమీద అప్పు కింద నడుస్తుంది, ఆవిడ తరవాత ఇల్లు అమ్మి తీర్చాలి. అరవై దాటిన కొడుకో కూతురో ముందునుంచీ ఆ ఇంట్లోనే ఉంటూ ఉంటే ఈ గొడవే లేదు, ఇల్లు లెక్కలోకే రాదు. మీ ఇంట్లో అలా ఎవరూ లేరు కాబట్టి ఈ కాగితం చదువుకోండి. తొందరేం లేదు."

గేనర్‌కి అరవై ఒకటి. టీకప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. తాహిరా అప్పటికే ఫైలు కట్టేసి, విన్నీ చేతిని మెల్లగా తట్టి, నడవాలోకి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల తలుపు దాటేదాకా విన్నీ కదలకుండా కూర్చుంది. తరవాత గేనర్ వైపు వంగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"పోయింది. నువ్వెవరోగానీ, కాస్త మెట్ల దగ్గరికెళ్ళి మా గేనర్‌ని కిందికి రమ్మని చెప్పమ్మా. ఇంతసేపు చలిలో కూర్చుంటే దానికి దగ్గొస్తుంది."

గేనర్ లేచి నిలబడింది. ఆ హాల్లో మెట్లు లేవు. నడవా చివరిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి వచ్చింది. "చెప్పానండి" అంది.

మర్నాడు క్లీథార్ప్స్‌లో సముద్రం ఒడ్డున బల్ల మీద కూర్చుని ఇవోన్‌తో చెప్పింది. ఇవోన్ వేయించిన చేపముక్క వేళ్ళతో తుంచుకుంటూ విన్నది.

"ఏం మనిషివే నువ్వు? అరవై దాటితే చాలని ఆ పిల్ల నోటితోనే చెప్పింది కదా. నేనున్నానని అనడానికి నోరు రాలేదా? పుట్టినరోజుకి కొవ్వొత్తులు లెక్కపెట్టి మరీ ఊదావు, గుర్తులేదా?"

"చెబితే పన్ను సంగతి బయటపడుతుంది. పన్నెండేళ్ళ తగ్గింపు. అమ్మని కోర్టుకి లాగుతారు."

"ఎవర్ని, విన్నీనా? లాగనీ. జడ్జి దగ్గర కూర్చుని బిస్కెట్ తిను నాయనా అంటుంది."

ఇవోన్ చేపముక్క చుట్టిన కాగితం నలిపి చెత్తబుట్టలో వేసింది.

"ఇల్లు పోతే ఎక్కడుంటావు? నా దగ్గరుందామన్నా కాగితం మీదే చోటుంది నీకు. నిజంగా వస్తే మా ఆయన రాయ్ ఊరుకోడు. ఉన్న ఒక్క గదిలో ఆయన ఆక్సిజన్ సిలిండర్లే. వెళ్ళి నిజం చెప్పు, పిల్లా."

"నమ్మాలిగా."

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంటికొచ్చి గేనర్ ఒక్కో సొరుగూ లాగింది. కరెంటు బిల్లు తల్లి పేరున. టీవీ, నీళ్ళు, చిమ్నీ శుభ్రం చేసినవాడి రసీదు, అన్నీ తల్లి పేరున. కూరగాయలు తెచ్చింది తను, కిటికీలకు రంగు వేసింది తను, చూరు నీళ్ళు కారితే నిచ్చెనెక్కింది తను. ఆ పనుల్లో ఒక్కదానికీ కాగితం లేదు. తనను కనబడనివ్వకుండా ఉంచడంలో తల్లీకూతుళ్ళిద్దరూ ఎంత జాగ్రత్తపడ్డారంటే, ఇప్పుడు తను ఉన్నానని రుజువు చేసుకోబోతే తనకే ఏమీ దొరకలేదు. కిందటి ఏడాది క్రిస్మస్‌కి తీసిన ఫోటో ఒకటి కనిపించింది. అందులో తల్లి ఒక్కతే ఉంది. తీసింది గేనర్.

పక్కిళ్ళవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. ఎడమపక్క ఇంట్లో ఆరునెలలకొకళ్ళు అద్దెకు వచ్చి పోతుంటారు. కుడిపక్కన క్లిఫర్డ్ మార్ ఉంటాడు. రేవులో చేపల మీద వేసే మంచుగడ్డలు పగలగొట్టే పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ముసలాయన. పెళ్ళాం పోయి పదిహేనేళ్ళు. ఆయనకీ విన్నీకీ పద్నాలుగేళ్ళ కిందట బట్టలు ఆరేసే తాడు దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి రెండిళ్ళకూ పలకరింపుల్లేవు. ఆయనకు తన మీద ఏం తెలుసో, తెలిస్తే ఏం చేస్తాడోనని గేనర్ పన్నెండేళ్ళూ ఆయన పెరటివైపు తల తిప్పేది కాదు.

మూడు రోజులు ఆలోచించింది. నాలుగోరోజు మధ్యాహ్నం వెనక సందులో నాలుగడుగులు నడిచి ఆయన తలుపు తట్టింది.

క్లిఫర్డ్ చేతిలో వార్తాపత్రికతో తలుపు తీశాడు. ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"వచ్చావా? పన్నెండేళ్ళు పట్టింది నాలుగడుగులు వెయ్యడానికి. కాలు నొప్పా ఏంటి?"

గేనర్ గడపకివతలే ఆగింది. "నేనెవరో మీకు తెలుసా?"

"తెలియకేం. విన్నీ కూతురివి. చిన్నప్పుడు నా పెరట్లో బఠాణీలు దొంగతనం చేశావు." పక్కకి జరిగాడు. "లోపలికి రా. వేడంతా బయటికి పోతోంది."

వంటగది బల్ల మీద ఒక్క కప్పు, ఒక్క పళ్ళెం, ఒక్క చెంచా. రెండో కప్పు కోసం ఆయన అలమరలో చాలాసేపు వెతికి, అడుగునుంచి తీసి, తుడిచాడు. గేనర్ విషయం చెప్పింది. వాక్యాలు అతికీ అతకనట్టు వచ్చాయి. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"నేనున్నానని మీరు రాసివ్వగలరా?" అని అడిగింది చివరికి.

"నువ్వు ఆరింటికి లేస్తావు" అన్నాడు క్లిఫర్డ్. "మహా అయితే ఐదు నిమిషాలు అటూ ఇటూ. మీ అమ్మ నడక వేరు, నీది వేరు. ఆవిడ కాళ్ళీడుస్తుంది, నువ్వు మడమ మీద నడుస్తావు. పొయ్యి దగ్గర రేడియో పెడతావు. పాటొస్తే ఉంచుతావు, మాటలొస్తే కట్టేస్తావు. పోయిన చలికాలం మూడువారాలు దగ్గావు. డాక్టరు దగ్గరికెళ్ళవేమా అనుకున్నాను. మంగళవారాలు చీకటుండగానే చెత్తడబ్బా బయట పెడతావు, ఎవరూ చూడరని. నేనప్పటికే లేచి ఉంటాను. లేచి చేసేదేముంది గనక."

గేనర్‌కి, గోడకవతల తను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న రోజులన్నీ గుర్తుకొచ్చాయి. ఇవతల ఒక మనిషి వింటూ కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ కౌన్సిల్‌కి ఎందుకు చెప్పలేదు? అమ్మంటే మీకు పడదుగా."

"మీ అమ్మంటే ఇప్పటికీ పడదు. నా దుప్పటి మీద నల్లమసి దులిపింది, అదీ కావాలని." పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "చెబితే నిన్ను పంపించేసేవాళ్ళు. పొద్దున్నే ఆ చప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు మీ అమ్మ చప్పుడు లేదు. అదే ఏదోలా ఉంది. ఏదీ, పెన్ను ఇటివ్వు. అక్షరాలు పెద్దవిగా రాస్తాను, కళ్ళు సరిగా కనబడవు."

ఆయన రెండు పుటలు రాశాడు. దగ్గు సంగతి కూడా రాశాడు.

గేనర్ తాహిరాకి ఫోన్ చేసి, "ఆరోజు నేను చెప్పింది అబద్ధం, మీరు ఇంటికి వచ్చి చూడాలి" అంది. ఆ రెండు మాటలూ ముందు కాగితం మీద రాసుకుని చదివింది. లేకపోతే నోరు మళ్ళీ పాత పాటే పాడుతుందని భయం.

తాహిరా గురువారం వచ్చింది. ముందు తలుపు తట్టింది. గేనర్ కాళ్ళు వాటంతటవే మెట్లవైపు తిరిగాయి. వాటిని వెనక్కి తిప్పి, గడియ తీసింది.

క్లిఫర్డ్ రాసినది చదివి తాహిరా పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందో, మరేమిటో. "గోడలోంచి విన్నదానికి మా దగ్గర విలువ కొంచెం తక్కువేనండీ. మీ గది చూపిస్తారా?"

వెనకగది నిండా ఒక సన్నమంచం. మంచం కింద నాలుగు అట్టపెట్టెలు. ఎవరైనా పైకి వస్తే మూడు నిమిషాల్లో ఖాళీగది అనిపించేలా సర్దడానికి వీలుగా గేనర్ బట్టలూ, పుస్తకాలూ, చెప్పులూ వాటిలోనే ఉండేవి. గోడకు ఏమీ లేదు. అద్దం కూడా తలుపు వెనకే. తాహిరా గుమ్మంలోనే నిలబడి చూసింది. పెట్టెల్లోకి తొంగిచూడలేదు. మంచానికి తలవైపు గోడ దగ్గరికి వెళ్ళి వంగింది. అక్కడ పూలకాగితం రంగు పోయి, మనిషి తల ఆనినంత మేర నున్నగా మెరుస్తోంది. దాని పక్కనే, పడుకుని చదివేటప్పుడు చెయ్యి ఆనేచోట ఇంకో మరక.

"ఇలా అవడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"తెలియదండి. నేనెప్పుడూ చూడలేదు."

తాహిరా ఫోటో తీసుకుంది. తరవాత మంచం మీద కాకుండా పెట్టె మీద కూర్చుంది.

"గేనర్ గారూ, దాచకుండా చెబుతున్నాను. ఇల్లు సంగతి నేను పై అధికారికి రాస్తాను, ఇవోన్ గారి దగ్గర్నుంచి కూడా ఒక ఉత్తరం కావాలి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. కానీ పన్ను తగ్గింపు సంగతి నాకు తెలిసిపోయింది, తెలియనట్టు ఉండలేను. అది వేరే శాఖ పని. వాళ్ళు వెనకటిదంతా అడుగుతారు. కొంచెం కొంచెంగా కట్టొచ్చు."

"అమ్మని ఏమైనా అంటారా?"

"ఆవిడ్నేమంటారు. అడిగితే కూడా ఒంటరిగానే ఉన్నానంటుంది కదా."

"అది నాకోసమే అంటుంది" అంది గేనర్. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తనకు తను కూడా.

ఐదు వారాలకు ఉత్తరం వచ్చింది. కవరు మీద తన పేరు, కింద ఈ ఇంటి నంబరు. అవి రెండూ ఒకచోట అచ్చుకావడం ఆమె ఈ పన్నెండేళ్ళలో చూడలేదు. మెట్ల మీద కూర్చుని చదివింది. ఆమె అక్కడ కాపురం ఉన్నంతకాలం ఇంటిని లెక్కలోకి తీసుకోరట. విన్నీ పింఛనులోంచి చేతిఖర్చుకు కొంత మినహాయించి, మిగతాది ఫీజుకి పోతుంది. తక్కువ పడింది కౌన్సిల్ చూసుకుంటుంది. పన్ను బకాయి సంగతి వేరే ఉత్తరంలో వస్తుందట. గేనర్ రెండోసారి కూడా చదివింది. ఇల్లు నిలబడింది. వంటగదిలోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఇద్దరికి సరిపడా టీ ఆకు వేసి, ఉన్నది తనొక్కతేనని తరవాత చూసుకుంది.

ఆ మధ్యాహ్నం లారెల్ హౌస్‌కి వెళ్ళింది. విన్నీ నిద్రపోతోంది. లేపవద్దన్నారు. గంటసేపు కూర్చుని, తల్లి చేతులు దుప్పటి కిందికి సర్ది, వచ్చేసింది.

సోమవారం వీధి చివర డాక్టరుగారి ఆఫీసులో కొత్తగా పేరు రాయించుకోవడానికి వెళ్ళింది. చిరునామా మార్చుకోమని తాహిరా చెప్పింది, ఇకముందు అన్ని కాగితాలూ ఒకేమాట చెప్పాలి కదా. అద్దం వెనక కూర్చున్నావిడ ఫారం ఇచ్చి, గేనర్ నింపినది చూస్తూ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఈ ఇంట్లో ఎప్పట్నుంచి ఉంటున్నారమ్మా?"

"పన్నెండేళ్ళు."

"పన్నెండేళ్ళా? ఇక్కడికి వంద గజాలుండదు కదా. ఇంతకాలం జబ్బే చెయ్యలేదా మీకు?"

"చేసింది" అంది గేనర్.

ఆవిడ ఫారం ఇటు తిప్పింది. వేలితో కింది గడి చూపించింది. "ఇది వదిలేశారు. మీకేదైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలి?"

గేనర్ పెన్ను తీసుకుంది. అమ్మ పేరు రాయడానికి లేదు. "క్లీథార్ప్స్‌లో స్నేహితురాలు ఉంది" అంటూ ఇవోన్ పేరు మొదలుపెట్టబోతే ఆవిడ అడ్డుకుంది. "దగ్గర్లో ఉండేవాళ్ళయితే మంచిదమ్మా. లేకపోతే వదిలెయ్యండి. చాలామంది వదిలేస్తారు."

వెనక ఇద్దరు వరసలో ఉన్నారు. గేనర్ ఆ గడిలో క్లిఫర్డ్ మార్ అని రాసింది. చుట్టరికం అన్నచోట పక్కింటాయన అని రాసింది.

"ఫోన్ నంబరు?"

"తెలియదండి. అడగలేదు."

"ఆయనకు ఇష్టమో కాదో కూడా అడగాలమ్మా. ఊరికే పేరు రాసెయ్యకూడదు."

"అడిగి వస్తాను" అంది గేనర్. ఫారం మడిచి కోటు జేబులో పెట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళకు దారి ఇచ్చి బయటికి నడిచింది.